ఉప్పు నేల మీద ఏబ్ జెంకిన్స్
(బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి)

సావనీరులో జీవిత చరిత్ర అంటే గాంధీగారో, సి.వి. రామన్‌గారో, మేడమ్ క్యూరీయో వుండటం రివాజు. వాళ్లను గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే వున్నారు. నేను రాయబోయేది ఇళ్లు కట్టే ఒక కాంట్రాక్టరును గురించి. ఆయన పేరు డేవిడ్ అబట్ జెంకిన్స్. అమెరికాలోని యూటా రాష్ట్రంవాడు. ఊరూ వాడా ఏబ్ జెంకిన్స్ అనే పిలిచేవారు. ఇరవై నాలుగు గంటలపాటు ఆగకుండా కారు నడిపే పందెంలో ఆయన కాలంలో ఆయనకు సాటి వచ్చినవాడు లేడు.

కెమిస్ట్రీ చదువుకునేవాడికి కార్ల పందేల గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. కారణం వుంది. జెంకిన్స్ పరుగులు తీసిన నేల మట్టి కాదు, రాయి కాదు, అచ్చంగా సోడియం క్లోరైడు. ఆ నేల అడుగున వున్న నీళ్లలో పొటాషియం క్లోరైడు వుంది. మొదటిది ఆయన పేరు నిలబెట్టింది. రెండోది మా ఇంట్లో అరటి తోటను నిలబెడుతున్న సరుకు. ఈ రెండింటికీ నడుమ పేచీ వచ్చింది. ఆ పేచీలో నేను ఎటువైపు నిలబడాలో తేల్చుకోవడానికే ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. యూటా రాష్ట్రానికి పడమటి అంచున, వెండోవర్ అనే చిన్న ఊరి పక్కన, బానవిల్ సాల్ట్ ఫ్లాట్స్ అనే తెల్లటి మైదానం వుంది. సుమారు 12 మైళ్ల పొడవు, 5 మైళ్ల వెడల్పు. చెట్టు లేదు, గడ్డిపరక లేదు. ఒకప్పుడు, మంచుయుగం నాడు, ఆ ప్రాంతమంతా ఒక మహా సరస్సు. కాలక్రమాన అది కుంచించుకుపోయింది. దానిలో మిగిలిన ముక్కే నేటి గ్రేట్ సాల్ట్ లేక్. మైదానంలో వున్న ఉప్పు కూడా ఆ సరస్సు ఎండినప్పుడు మిగిలిందేనని చాలాకాలం అనుకున్నారు. ఇటీవలి పరిశోధకులు మాత్రం అంత పాతది కాదు, కొన్నివేల ఏళ్లలో పేరుకున్నదే అంటున్నారు. నడిమధ్యన ఉప్పు పొర మందం ఒకప్పుడు ఐదడుగుల దాకా వుండేది, అంచులకు పోయేసరికి అంగుళం కూడా వుండదు. దాని కింద అంతా బురద, ఆ బురదలో ఉప్పునీరు.

ఈ కింది బురద సంగతి తెలియక 1846లో డానర్ బృందం అనే వలస కుటుంబాలు ఎడ్ల బళ్లతో ఆ దారిని పడి నానా అగచాట్లు పడ్డాయి. బండి చక్రాలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. ఎడ్లు దాహానికి తాళలేక కట్లు తెంచుకుపోయాయి. దారిలో పోయిన ఆ రోజుల ఆలస్యం వల్లనే తర్వాత కొండల్లో మంచుకు చిక్కి సగంమంది దాకా చచ్చిపోయారు. బురదలో దిగబడ్డ ఎడ్లబండిని పైకి లాగడం ఎంత కష్టమో మా ఊళ్లో నాటికీ నేటికీ అందరికీ తెలుసు గనుక, ఆ ఘట్టం చదివినప్పుడు నాకు చరిత్రలా అనిపించలేదు.

అటువంటి, మనిషి తప్పించుకు తిరగవలసిన చోటును లోకమంతా వెతుక్కుంటూ వచ్చే చోటుగా మార్చినవాడు జెంకిన్స్.

ఆయన 1883 జనవరిలో యూటాలోనే స్పానిష్ ఫోర్క్ అనే ఊళ్లో పుట్టాడు. పెద్దయ్యాక భవనాల కాంట్రాక్టరుగా స్థిరపడ్డాడు. మోర్మన్ మతస్థుడు. మద్యం, పొగాకు జీవితంలో ముట్టలేదు. కుర్రతనం నుంచీ వేగం అంటే పిచ్చి. 1910లో నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో జాక్ జాన్సన్‌కూ జిమ్ జెఫ్రీస్‌కూ మధ్య పెద్ద ముష్టియుద్ధం జరిగింది. అది చూడటానికి జెంకిన్స్ మోటారు సైకిలు మీద బయల్దేరాడు. అప్పటికి అటు సరైన రోడ్డు లేదు, కొత్తగా వేసిన రైలుమార్గం మాత్రం వుంది. ఆ ప్రయాణంలోనే మొదటిసారి ఉప్పు నేల మీదికి బండి దించి నడిపి చూశాడు. ఇటువంటి నేల ప్రపంచంలో మరొకటి వుండదని ఆయనకు పట్టుకున్నది అప్పుడే.

నిజానికి ఆ నేల మీద కారు పరుగు తీయించిన మొదటివాడు ఆయన కాదు. 1914లో టెడ్డీ టెట్జ్‌లాఫ్ అనే రేసరు అక్కడ గంటకు 141 మైళ్ల వేగం అందుకున్నాడు. కాని అధికారులు ఆ రికార్డును గుర్తించలేదు. తర్వాత చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాడు లేడు. మొండిగా దాన్నే పట్టుకు వేలాడినవాడు జెంకిన్స్ ఒక్కడే.

1925లో ఆ ప్రాంతానికి మోటారు రోడ్డు పడింది. ప్రారంభోత్సవానికి సాల్ట్ లేక్ సిటీ నుంచి వెండోవర్‌కు ప్రత్యేక రైలు వేశారు. జెంకిన్స్ తన స్టూడిబేకర్ కారుతో ఆ రైలుతో పోటీ పడ్డాడు. దూరం సుమారు 120 మైళ్లు. రైలు కంటే ఐదు నిమిషాలు ముందుగా చేరాడు. మరుసటి ఏడు న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు, అనగా అమెరికా ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు, 86 గంటల 20 నిమిషాల్లో కారు నడిపాడు. ఆనాటి రోడ్లు ఎటువంటివో గుర్తుంచుకోవాలి సుమా.

అసలు కథ 1932లో మొదలవుతుంది. అప్పటికి ఆయన వయస్సు నలభై తొమ్మిది. మన దేశంలో ఆ వయస్సువాళ్లు కూతుళ్ల పెళ్లిళ్ల గురించి ఆలోచిస్తుంటారు. పియర్స్ యారో అనే కంపెనీ కొత్తగా పన్నెండు సిలిండర్ల కారు తయారుచేసింది. దాని సత్తా లోకానికి చూపడానికి జెంకిన్స్ ఉప్పు నేల మీద పది మైళ్ల చుట్టుకొలతతో ఒక గుండ్రటి బాట గుర్తుపెట్టించాడు. పది మైళ్ల చుట్టుకొలత అంటే అడ్డుకొలత మూడు మైళ్ల పైచిలుకు. అంత వృత్తంలో ఎక్కడా ఒక గుంట, ఒక మిట్ట వుండకూడదు. అటువంటి చదును మనిషి చేతితో చేయబోతే ఎంత ఖర్చో లెక్కకట్టి చూడండి. అక్కడ ప్రకృతి వూరికే చేసిపెట్టింది.

ఆ బాట మీద ఇరవై నాలుగు గంటలు ఒక్కడే కారు నడిపాడు. పెట్రోలు పోయించుకోవడానికి ఆగాడే గాని సీటు దిగలేదు. పగలు కళ్లు మిరుమిట్లు గొలిపే తెలుపు, రాత్రి ఎముకలు కొరికే చలి. చెవుల్లో ఇంజను హోరు. పరుగు పూర్తయ్యేసరికి 2,710 మైళ్లు తిరిగాడు, సగటున గంటకు దాదాపు 113 మైళ్లు. కిలోమీటర్లలో చెబితే ఒక్క పగలూ రాత్రిలో 4,360. మన కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా పోయి, తిరుగుదారిలో బోలెడు దూరం వచ్చేసినంత.

1933లో మళ్లీ పరుగు పెట్టి సగటును 117 మైళ్లు దాటించాడు. ఈ పరుగులోదే ఒక చిత్రమైన సంగతి. చివరి చుట్లలో, కారు నూట పాతిక మైళ్ల వేగంతో పోతుండగా, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో గడ్డం గీసుకున్నాడు. దిగాక ఫొటోలకు శుభ్రంగా కనబడాలన్నది ఆయన సరదా. మా హాస్టల్లో అద్దం ముందు నిలబడి గీసుకుంటేనే రోజూ ఎవరికో ఒకరికి నెత్తురు కారుతుంది. కాని నాకు ఆయన చెయ్యి కంటే ఆ నేల మీదే ఆశ్చర్యం ఎక్కువ. అంత వేగంలో రేజరు కదలకుండా వుందంటే చక్రాల కింద ఉప్పు ఎంత నున్నగా వుండాలి!

ఆ నేలకు మరో గుణం వుంది. సిమెంటు రోడ్డు మీద అంత వేగంతో గంటల తరబడి పోతే టైర్లు కాగి పేలిపోతాయి. ఉప్పు పొరలో ఎప్పుడూ కాస్త తడి వుంటుంది, అది టైర్లను చల్లబరుస్తూ వుంటుంది. ఈ రహస్యం జెంకిన్స్ తన దగ్గరే దాచుకోవచ్చు. దాచుకోలేదు. యూరప్ రేసర్లకు కబురు పెట్టి మరీ రమ్మన్నాడు. తన రికార్డులు బద్దలు కొట్టగలవాళ్లనే తన గడప తొక్కమని పిలవడం మామూలు మనిషి చేసే పని కాదు. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

వాళ్లూ వచ్చారు. 1935లో ఇంగ్లండు నుంచి జాన్ కాబ్ వచ్చి ఇరవై నాలుగు గంటల రికార్డును నిజంగానే తన్నుకుపోయాడు. కొద్ది వారాల్లోనే జెంకిన్స్ డ్యూసెన్‌బర్గ్ కారుతో దాన్ని మళ్లీ లాక్కున్నాడు. అదే ఏడాది సెప్టెంబరు 3న సర్ మాల్కం కాంబెల్ తన బ్లూబర్డ్ కారుతో అక్కడ గంటకు 301 మైళ్ల వేగం అందుకున్నాడు. నేల మీద మనిషి 300 మైళ్ల వేగం దాటడం అదే ప్రథమం. అంతకుముందు దాకా కాంబెల్ ఫ్లోరిడాలో డేటోనా సముద్రపు ఇసుక మీద పరుగులు తీసేవాడు. ఇసుక పనికిరాదని తేలిపోయింది. ఆనాటి నుంచి ముప్పై అయిదేళ్లపాటు ప్రపంచ వేగం రికార్డులకు పుట్టినిల్లు బానవిల్లే.

జెంకిన్స్ డ్యూసెన్‌బర్గ్‌కు ఒక పత్రిక పేర్ల పోటీ పెట్టి మోర్మన్ మెటీయర్ అని నామకరణం చేసింది. మోర్మన్ ఉల్క అన్నమాట. తర్వాత అందులో విమానం ఇంజను బిగించాడు. 1936లో సగటు 153 మైళ్లు, 1937లో 157. ఆ పైన అదే ఇంజనుతో మూడో మెటీయర్‌ను ప్రత్యేకంగా కట్టించుకుని, 1940లో ఇరవై నాలుగు గంటల్లో 3,868 మైళ్లు తిరిగాడు. సగటు 161.18 మైళ్లు. అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్లు, పైగా సాల్ట్ లేక్ సిటీకి మేయరు. ప్రచారం గట్రా పెద్దగా ఏమీ లేకుండానే గెలిచాడు. 1940 నుంచి 1944 దాకా ఆ పదవిలో వున్నాడు. ఒక నగర మేయరు సెలవు పెట్టి ప్రపంచ రికార్డు బద్దలుకొట్టి రావడం మరెక్కడా జరిగి వుండదు. మేయరుగిరీ గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మూడో మెటీయర్‌ను ఆయన రాష్ట్రానికి ఇచ్చేశాడు. యూటా శాసనసభా భవనంలో అది ఏళ్ల తరబడి ప్రదర్శనలో వుంది.

ఇక్కడ కారును కాసేపు ఆపి ఉప్పు దగ్గరకు రావాలి.

ఆ నేల అంత చదునుగా ఎందుకు వుంటుంది? ఒకసారి తయారై అలాగే నిలిచిపోయిన బండ కాదది. ప్రతి ఏటా కొత్తగా తయారవుతుంది. చలికాలంలో వానా మంచూ పడి మైదానమంతా పలచగా నీళ్లు నిలుస్తాయి. పై ఉప్పు కొంత ఆ నీళ్లలో కరుగుతుంది. గాలికి ఆ నీరు ఇటూ అటూ పారాడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి నీరు ఇగిరిపోయి, కరిగిన ఉప్పు మళ్లీ స్ఫటికాలుగా పరుచుకుంటుంది. నీటి మట్టం ఎంత చదునో ఆ ఉప్పు కూడా అంత చదును. నాట్ల ముందు మనం చేనుకు నీరు పెట్టి దమ్ము చేసి చదును చూసుకోవడం వంటిదే. ఆగస్టుకల్లా నేల గట్టిపడి పరుగులకు సిద్ధమవుతుంది. పైన నిలిచే నీటికీ, పొరలో వున్న ఉప్పుకూ, అడుగున బురదలో వున్న ఉప్పునీటికీ మధ్య ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతూనే వుంటుంది. అడుగు నీరు తోడేస్తే పై పొర మీద ప్రభావం లేకుండా వుండదు. చలనశీల సమతాస్థితి అని మాకు క్లాసులో చెప్పేది ఇదే.

ఇప్పుడు పొటాష్ కథ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లోకానికంతటికీ పొటాష్ ఎరువు జర్మనీ గనుల నుంచే వచ్చేది. 1915లో జర్మనీ ఎగుమతులు ఆపేసింది. అమెరికా రైతులు గగ్గోలు పెట్టారు. ఎక్కడ పొటాష్ దొరుకుతుందా అని దేశమంతా గాలించారు. ఆ గాలింపులో ఈ ఉప్పు నేల కూడా దొరికింది. యుద్ధకాలంలో సాల్వే కంపెనీవారు అక్కడ సాల్డ్యూరో అనే చోట ఫ్యాక్టరీ పెట్టారు. యుద్ధం ముగిశాక జర్మనీ సరుకు మళ్లీ రావడంతో అది మూతబడింది. 1930ల చివర్లో బానవిల్ లిమిటెడ్ అనే కంపెనీ వెండోవర్ దగ్గర మళ్లీ పని మొదలుపెట్టింది. అంటే జెంకిన్స్ మెటీయర్లు గిర్రున తిరుగుతున్న రోజుల్లోనే అదే మైదానం దక్షిణపు కొసన కాలవలు తవ్వుతున్నారు. ఒకరి పని ఒకరికి అడ్డం కాలేదు. ఉప్పు అందరికీ సరిపోయేటంత వుంది.

పని తీరు ఇది. నేలలో పొడుగ్గా కాలవలు తవ్వుతారు. బురదలోని ఉప్పునీరు వాటిలోకి ఊరి వస్తుంది. దాన్ని విశాలమైన మడుల్లోకి తోడి ఎండబెడతారు. చినగంజాం వైపు ఉప్పు మడులు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. మన మడుల్లో ఉప్పు తీసుకుని మిగిలిన చేదు నీళ్లు పారబోస్తారు. అక్కడ ముందుగా పడిపోయే మామూలు ఉప్పుతో వాళ్లకు పని లేదు. అది మొదటి మడుల్లోనే పేరుకుంటూ వుంటుంది. చిక్కబడిన నీటిని ముందు మడుల్లోకి పంపితే అక్కడ పొటాషియం క్లోరైడు కొంత ఉప్పుతో కలిసి పడుతుంది. దాన్ని ఫ్యాక్టరీలో నురగ పద్ధతిన వేరుచేస్తారు. చివరకు మిగిలే మెగ్నీషియం క్లోరైడు నీళ్లను కూడా అమ్ముతారు. ఒక్క మామూలు ఉప్పే, అనగా రేసర్లకు ప్రాణమైన సరుకే, కంపెనీకి చెత్త.

ఆ పొటాషియం క్లోరైడునే మనవాళ్లు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటారు. యాభై కిలోల బస్తా. గనుల్లో తవ్వినది ఇనుము కలిసి ఎర్రగా వుంటుంది. ఎండబెట్టి తీసినది తెల్లగా వుంటుంది. మాది డెల్టా పల్లె. వరి, అరటి మా జీవనాధారం. అరటికి పొటాష్ తగ్గితే గెల తూగదు, కాయ ఊరదు. మన దేశంలో వాడే పొటాష్ దాదాపు అంతా దిగుమతి సరుకే. కెనడా, రష్యా, జోర్డాన్, ఇజ్రాయెల్ వంటి దేశాల నుంచి వస్తుంది. చివరి రెండు దేశాలూ తీసేది కూడా ఇలాగే, మృత సముద్రపు నీళ్లను ఎండబెట్టి. 2022లో బస్తా 1,700 రూపాయల దాకా పోయినప్పుడు మా నాన్న రెండు బస్తాలు వేసేచోట ఒకటే వేశాడు. ఆ ఏడు గెలలు ఎలా వచ్చాయో నేను చెప్పనక్కర్లేదు. అందుచేత గని అనగానే దుర్మార్గం అని రాసెయ్యడానికి నా చెయ్యి రాదు. ఎక్కడో ఒక తెల్లటి నేల తరిగితేనే మా నేల పండుతోంది. బానవిల్ పొటాష్ మా ఊరు వచ్చిందని కాదు నా మాట. భూమి మీద పొటాష్ తీసే ప్రతిచోటా లెక్క ఇదే.

జెంకిన్స్ ముసలితనం కూడా ఉప్పు మీదే గడిచింది. యుద్ధం తర్వాత కొత్త తరం వచ్చింది. 1947లో జాన్ కాబ్ అక్కడే 394 మైళ్ల సగటు సాధించాడు. 1949 నుంచి ప్రతి ఆగస్టులో స్పీడ్ వీక్ అని, పాత కార్లను సొంత చేతులతో బాగుచేసుకునే కుర్రవాళ్ల పందేలు మొదలయ్యాయి. 1951లో మెటీయర్‌కు ప్రమాదం జరిగి ఆయన పెద్ద పరుగులు ఆగిపోయాయి. ఆగిపోయాయి అనుకున్నారు. 1956 వేసవిలో, డెబ్బయ్ మూడేళ్ల వయస్సులో, కొడుకు మార్విన్‌తో వంతులు వేసుకుని మామూలు పాంటియాక్ కారును ఇరవై నాలుగు గంటలు నడిపాడు. సగటు 118 మైళ్ల పైన. లెక్క చూడండి. తాను నలభై తొమ్మిదో ఏట ప్రత్యేకంగా సిద్ధంచేసిన కారుతో సాధించిన వేగం కంటే ఎక్కువ. ఆ ఆగస్టులోనే మిల్వాకీలో గుండె ఆగి చనిపోయాడు. మరుసటి ఏడు పాంటియాక్ కంపెనీ తన కొత్త మోడలుకు బానవిల్ అని పేరుపెట్టింది.

ఆయన పోయాక ఆ నేల ఎలా వుందన్నది కూడా ఆయన చరిత్రలో భాగమేనని నా ఉద్దేశం. 1963లో కైజర్ కంపెనీ పొటాష్ పని కొనుక్కుంది. హైవేకు ఉత్తరాన, పందేలు జరిగే వైపున వున్న ప్రభుత్వ భూమిలో కూడా కాలవలు తవ్వుకోవడానికి అదే ఏడాది లీజులు వచ్చాయి. 1988లో అది రైలీ చేతికీ, 2004లో ఇంట్రెపిడ్ చేతికీ మారింది. 1960లో రాష్ట్ర రోడ్ల శాఖవారు ఉప్పు మందం కొలిచారు. 1974లో, 1988లో మళ్లీ కొలిచారు. ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. 1975లో ఆ నేలను జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. జాబితాలో చేరినంత మాత్రాన ఉప్పు తరగడం ఆగుతుందా?

ఈ మధ్య యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూస్తే, అరవై ఏళ్లలో పొర మందం సుమారు మూడో వంతు తరిగిపోయింది. ఉప్పు పరుచుకున్న విస్తీర్ణం 1994 నాటిదానిలో దాదాపు సగానికి వచ్చింది. అడుగు నీటిని తోడుతూ పోవడంతో భూగర్భంలో నీటి నడక దిశే మారి, ఉప్పునీరు మైదానం వైపు రావలసింది పోయి కాలవల వైపు పోతోందని వాళ్లు గుర్తించారు. వాతావరణంలో మార్పులు, నీటి పారుదలకు అడ్డుగా వేసిన హైవే, కార్ల రాపిడి, వీటి పాలు కూడా కొంత వుంది. ఎవరి పాలు ఎంత అన్నదాని మీద వాదోపవాదాలు వున్నాయి. వాదం తేలేదాకా ఉప్పు ఆగదు కదా.

ఫలితాలు రేసర్లకు ముందే తెలిశాయి. ఒకప్పుడు 13 మైళ్లు తిన్నగా గీసుకున్న బాట ఇప్పుడు ఎనిమిది మైళ్లు దొరకడమే గగనం. 1970లో గ్యారీ గేబెలిచ్ బ్లూ ఫ్లేమ్ అనే రాకెట్ కారుతో 622 మైళ్లు అందుకోవడమే బానవిల్‌లో చివరి ప్రపంచ వేగం రికార్డు. 1983లో ఆ కిరీటం నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారికి, ఎండిన బురద నేలకు, వెళ్లిపోయింది. మళ్లీ తిరిగి రాలేదు. జెంకిన్స్ 1940 నాటి ఇరవై నాలుగు గంటల రికార్డు యాభై ఏళ్లు నిలిచింది. 1990లో దాన్ని కార్వెట్ కారు బద్దలుకొట్టింది. అదీ ఉప్పు మీద కాదు, టెక్సాస్‌లో టైర్ల పరీక్షకు కట్టిన సొంత ట్రాకు మీద. స్పీడ్ వీక్ 2014లో, 2015లో, మళ్లీ 2022లో రద్దయింది. నీరు నిలిచిపోవడం, పొర పలచనై బురద పైకి తేలడం కారణాలు. డానర్ బృందం ఎడ్లు దిగబడిన బురదే.

రేసర్లు చూస్తూ కూర్చోలేదు. 1980ల చివర్లో ఉప్పును కాపాడుకుందాం అంటూ సంఘం పెట్టారు. కంపెనీతో, ప్రభుత్వ భూముల శాఖతో మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చారు. మడుల్లో చెత్తగా పడివున్న ఉప్పును నీళ్లలో కరిగించి, చలికాలంలో మైదానం మీదికి తోడిపోయాలి. 1997 నుంచి 2002 దాకా అయిదేళ్లు అలా చేశారు. అరవై లక్షల టన్నులకు పైగా ఉప్పు తిరిగి వెళ్లింది. ఆ తర్వాత కూడా పని సాగింది. అయినా పొర మందం ఆశించినంత పెరగలేదు. పోసిన ఉప్పులో చాలా భాగం పైన నిలవకుండా అడుగు నీటిలోకి దిగిపోయిందని ఒక అభిప్రాయం. పోసినది చాలదు, దానికి అనేక రెట్లు పోయాలని రేసర్ల పట్టు. పోయడం వల్ల ఉపయోగమే లేదేమోనని కొందరు శాస్త్రజ్ఞుల అనుమానం. 2019లో యూటా శాసనసభ ఈ పనికి యాభై లక్షల డాలర్లు కేటాయించింది.

నా మట్టుకు నేను రేసర్ల పక్షానా కంపెనీ పక్షానా పూర్తిగా నిలబడలేకపోయాను. పొటాష్ తీయవద్దు అనలేను. అలా అంటే ఇంటికి పోయి మా నాన్న ముందు తలెత్తుకు నిలబడలేను. కాని మా వైపు కౌలు చేనుకు ఒక లెక్క వుంది. పంట తీసుకుపో, గట్టు కొట్టేసుకోకు, మట్టి ఎత్తుకుపోకు. పొటాష్ పంట అనుకుంటే ఉప్పు ఆ నేలకు గట్టూ మట్టీ రెండూ. కంపెనీకి అక్కర్లేని ఉప్పు కంపెనీ మడుల్లో ఎందుకు వుండాలి? ఎన్ని టన్నులు తోడితే అన్ని టన్నులు, తోడిన ఏడాదే, వెనక్కి పోయడం లీజులో మొదటి షరతుగా వుండాల్సింది. 1963లో ఆ షరతు పెట్టి వుంటే 1997లో తంటాలు పడే పని వుండేది కాదు. ముప్పై నాలుగేళ్లు తోడాక అయిదేళ్లు పోస్తే సరిపోతుందనుకోవడం ఏ సమతాస్థితి లెక్కకూ అందదు. అంతా పోశాక కూడా పొర కుదురుకోకపోతే కాలవలు కొంతకాలం మూసి చూడాలి. అప్పుడు పొటాష్ ధర పెరిగి ఆ బరువు కొంత ఏ దేశపు రైతు మీదనైనా పడవచ్చు. ఆ మాట రాస్తుంటే నాకు కష్టంగానే వుంది, అయినా రాస్తున్నాను.

జెంకిన్స్ 1939లో ఆ నేలను గురించీ తన పరుగులను గురించీ ఒక పుస్తకం రాశాడు. పేరు సాల్ట్ ఆఫ్ ది ఎర్త్. కొడుకు మార్విన్ తర్వాతి కాలంలో మూడో మెటీయర్‌ను తిరిగి ఇంటికి తెచ్చుకుని బాగుచేయించాడు. కారు మళ్లీ నడిచే స్థితికి వచ్చింది.